తమ్ముడి కారుకు కొత్త టైర్లు

తమ్ముడు పోయిన ఐదు నెలలకు నేను వాడి కారుకు టైర్లు కొనడానికి వనపర్తి వెళ్లాను. ఆ ఐదు నెలల్లో నేను ఒక్కసారి కూడా ఏడవలేదు. బడికి వెళ్లాను, లెక్కలు చెప్పాను, ఇంటికొచ్చి అన్నం తిన్నాను, పడుకున్నాను. గిల్లినా తెలియని తిమ్మిరి ఒకటి ఒళ్లంతా పట్టేసి ఉండింది. జనం వచ్చి నా చేతులు పట్టుకుని గొల్లుమంటుంటే, వీళ్లకు చాయ్ పెట్టాలి కదా, పాలు ఉన్నాయా లేవా అని మాత్రమే తోచేది.

మాది పెద్దమందడి. అక్కడి హైస్కూల్లోనే టీచర్‌ని. నాకు నలభై మూడేళ్లు, పెళ్లి సంగతి అందరూ ఎత్తడం మానేసిన వయసు. ఎత్తితే నేను ఊరుకోనని కూడా అందరికీ తెలుసు. అమ్మ ఎప్పుడో పోయింది. తమ్ముడు నాకంటే ఏడేళ్లు చిన్న. గద్వాలలో పత్తి విత్తనాల పని చేసేవాడు. రైతులతో విత్తన పంట వేయించి కంపెనీలకు చేర్చేవాళ్లను అక్కడ ఆర్గనైజర్లు అంటారు, వాడు అదే. వారంలో నాలుగు రోజులు గద్వాలలో అద్దె గదిలో, మూడు రోజులు ఇంట్లో ఉండేవాడు.

నాలుగేళ్ల కింద వాడు హైదరాబాదులో ఎవరో కొంత వాడిన జర్మన్ కారు ఒకటి కొన్నాడు. నీలం రంగుది, పందేలకు పోయేవాళ్లు ఇష్టపడే రకం. నేలకు జానెడు ఎత్తు కూడా ఉండదు. మా వైపు ఊళ్లలో స్పీడ్ బ్రేకర్లు ఎవరికి తోచినట్టు వాళ్లు పోసుకుంటారు కదా, వాటిని దాటాలంటే కారును ఏటవాలుగా తిప్పి ఒక్కో చక్రం ఎక్కించి దించాలి. హైవే ఎక్కితే మాత్రం ఇక దానికి పట్టపగ్గాలు లేవు. "వీనికి గీ కారే పెండ్లాం" అని మా మేనత్త వెక్కిరించేది. "అవునత్తా, అలుగదు, అడగదు" అనేవాడు వాడు. నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా ఆ కారులోనే. నేను బ్రేకు తొక్కినప్పుడల్లా "అక్కా, చీమను చంపేటందుకు గంత బలమెందుకు" అనేవాడు.

డిసెంబరులో ఒక తెల్లవారుజామున ఆ అద్దె గదిలోనే వాడి గుండె ఆగిపోయింది. ముప్పై ఆరేళ్లు. వాడిని అంబులెన్సులో తెచ్చారు, గది ముందు నిలిపి ఉన్న కారును నేను నడుపుకుంటూ వెనక వచ్చాను. అంబులెన్సును దాటిపోకుండా దారంతా కాలు బిగపట్టాను, ఆ కారుకు మెల్లగా పోవడం చేతకాదు. ఆ రోజు గురించి నాకు ఇప్పటికీ బాగా గుర్తున్నది ఆ కాలి నొప్పి ఒక్కటే.

ఇక నాయిన సంగతి. నాయినకు మూడేళ్లుగా కిడ్నీలు పని చేయడం లేదు. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున ఆరింటికల్లా వనపర్తి దవాఖానలో ఉండాలి. నాలుగు గంటలు మిషను రక్తం శుభ్రం చేస్తుంది. తమ్ముడు ఉన్న రోజు కారులో, లేని రోజు ఆటోలో వెళ్లేవాడు. తమ్ముడు పోయాక రానన్నాడు. "ఇగ ఎందుకు బిడ్డా" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండుసార్లు తప్పించాడు. మూడోసారికి మొహం, కాళ్లు ఉబ్బి, పడుకుంటే ఊపిరి అందక కూర్చునే ఉన్నాడు. ఆటో పిలిస్తే ఎక్కలేదు. చేయి పట్టుకుంటే విదిలించాడు.

అప్పుడు నేను కోపంతో, నిజంగా ఒళ్లు మండే కోపంతోనే, తమ్ముడి కారు తీసుకొచ్చి గుమ్మం ముందు పెట్టి హారన్ మీద చేయి తీయకుండా కొట్టాను. వీధిలో కుక్కలన్నీ లేచాయి. నాయిన బయటికి వచ్చి నా వైపు చూశాడు. తర్వాత వచ్చి ముందు సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు.

ఆ రోజు నుంచి ప్రతిసారీ అంతే. కూర్చోగానే కళ్లు మూసుకుంటాడు, దవాఖాన గేటు దగ్గర తెరుస్తాడు. ఒకసారి కారు సర్వీసింగుకు ఇచ్చి, మేనత్తను తోడిచ్చి ఆటోలో పంపించాను. వెళ్లొచ్చి, "ఇగ ఆటోల పంపకు. పంపితే నేను పోను" అని తేల్చి చెప్పాడు. దానికి నేను ఒక అర్థం చెప్పుకున్నాను. కళ్లు మూసుకుంటే ఆ ఇంజను చప్పుడు, ఆ టైర్లు రోడ్డును కరుచుకుని పోయే తీరు, మలుపులో ఆ విసురు అన్నీ తమ్ముడివే. పక్కన నడుపుతున్నది కొడుకే అనుకుని వస్తున్నాడు. ఆ కారు అలాగే ఉన్నంతకాలం నాయిన దవాఖానకు వస్తాడు, వచ్చినంతకాలం బతుకుతాడు. నా బుర్రలో ఇంతకుమించి ఇంకే ఆలోచనా ఉండేది కాదు. హెడ్మాస్టరును అడిగి ఆ మూడు రోజులు సగం పూట సెలవు పెట్టుకునేదాన్ని.

టైర్లు తమ్ముడు ఉన్నప్పుడే అరిగిపోయాయి. "వచ్చే నెల మారుస్త" అంటూనే ఉన్నాడు. మారుద్దామంటే మేనత్త అడ్డం పడింది. నాయినకు అక్క ఆమె. కర్మకని ఉప్పునుంతల నుంచి వచ్చి, మమ్మల్ని చూసి ఇక తిరిగి వెళ్లలేదు. వచ్చిన రోజే చెప్పేసింది, ఏడాది మాసికం దాటేదాకా ఈ ఇంట్లో కొత్త వస్తువు అడుగు పెట్టకూడదని. మా ఇళ్లలో ఆ ఏడాది శుభకార్యాలు చేయం, గుడికి పోం. ఆమె దాన్ని చీపురుకట్ట దాకా లాగింది. చీపురు అరిగిపోతే పక్కింటివాళ్ల పాతది అడిగి తెచ్చింది. మిక్సీ మూడుసార్లు బాగు చేయించాం. టైర్ల మాట ఎత్తితే కొట్టినంత పని చేసింది.

"టైరు వస్తువు గాదా? గది గూడ ఒకటా, నాలుగు!"

లెక్కల టీచర్‌ని, వాదించి ఉండవచ్చు. వాదించలేదు. ఏదీ తేల్చకుండా ఉండటం ఆ రోజుల్లో నాకు సుఖంగా ఉండేది.

మే నెలలో ఒక శుక్రవారం డయాలసిస్ అయ్యాక తిరిగి వస్తున్నాం. ఎత్తిపోతల కాలువ నీళ్లు వచ్చాక మా వైపు వరి బాగా పెరిగింది. కోతలప్పుడు రోడ్డు సగం రైతులదే, మైళ్ల పొడుగునా వడ్లు ఆరబోసి అంచున రాళ్లు పెడతారు. ఆ రోజు ఉన్నట్టుండి చెడగొట్టు వాన అందుకుంది. జనం టార్పాలిన్లు పట్టుకుని వడ్ల మీదికి ఉరుకుతున్నారు. నేను బ్రేకు తొక్కాను. కారు ఆగలేదు. తడి గింజల మీద పక్కకు జారుకుంటూ పోయి, వంగి గంపకు ఎత్తుకుంటున్న ఒక ఆవిడకు మూరెడు దూరంలో ఆగింది.

"కండ్లు కనవడ్తలెవ్వా?" ఆవిడ గంప కింద పడేసి లేచింది. "గంత పెద్ద కారేసుకోని మా వడ్లల్లకే రావాల్నా! నన్ను చంపుదామని బయలెల్లినవా?"

దిగి తప్పైందన్నాను. ఆవిడ ఇంకో నాలుగు తిట్టి, "నిలవడి సూస్తవేంది, గా కొస పట్టు" అని టార్పాలిన్ చూపించింది. పట్టాను. రాళ్లు కూడా పెట్టాను. తిరిగి వచ్చి చూస్తే నాయిన సీటు పట్టీ గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకునే ఉన్నాడు. ఒక మనిషిని చంపబోయాను, అయినా నాకు ఏమీ కాలేదు. ఇంటికొచ్చి అద్దంలో మొహం చూసుకుని, నీలో మనిషన్నది మిగిలిందా అని గట్టిగానే అడిగాను.

మర్నాడు శనివారం. వనపర్తిలో తమ్ముడు ఎప్పుడూ వెళ్లే టైర్ల కొట్టుకు వెళ్లాను. కొట్టు యజమాని యాభై దాటినవాడు, నెరిసిన గడ్డం. కారును చూసి ముందు నవ్వబోయి, దిగింది నేనని చూసి ఆగిపోయాడు. తర్వాత వంగి టైరు లోపలి అంచు తడిమి, ఆ చేయి నా ముందు పెట్టాడు. వేలి మీద సన్నటి గీరుడు, రక్తం చుక్క.

"తీగెలు బయటికొచ్చినయి అక్కా. దీని మీదనే పెద్దమనిషిని దవాఖానకు తోల్తున్నవా?"

"అవే రకం వేయి" అన్నాను. "కంపెనీ, సైజు, అన్నీ అవే."

"అవంటే ఎండాకాలం టైర్లు. జర ఇను. బయటి దేశాలల్ల మంచు పడ్తది గద, గాడ చలికాలానికి ఒక రకం, ఎండాకాలానికి ఒక రకం వేస్తరు. రెండింటికి నడుమ అన్ని కాలాల టైరని ఇంకోటుంది."

"మనకు ఎండాకాలం తప్ప ఇంకేమున్నదని?"

నవ్వాడు. "గదే అందరంటరు. ఎండాకాలం టైరు మెత్తగుంటది. రోడ్డును గట్టిగ పట్టుకుంటది. కొత్తగున్నప్పుడు వానల గూడ మంచిగనే ఆగుతది. ఉరికే బండ్లకు గదే సోకు. అయితే జల్ది అరుగుతది. అరిగినంక వానొస్తే ఏమైతదో నీకే తెల్వాలె." నేను నిన్నటి సంగతి చెప్పలేదు. కారు పక్కన అంటుకుని ఉన్న వడ్ల గింజలు అతను చూసే ఉంటాడు. "అన్ని కాలాలది జర గట్టిది. గీతలు ఎక్కువుంటయి. బురదల, సగం రోడ్డు దిగినప్పుడు ఫికర్ ఉండదు. మెల్లగ అరుగుతది."

"మరి తేడా ఏంది?"

"బండి మొద్దువారుతది. తిప్పంగనే తిరగదు, జర ఆలోచించి తిరుగుతది. రోడ్డు చప్పుడు గూడ తగ్గుతది. మీ తమ్ముడైతే ముట్టకపోతుండె. గిది టైరా, దిండా అని నన్ను అడుగుతుండె."

నేను అక్కడ పేర్చిన టైర్ల మీద కూర్చుండిపోయాను. చాయ్ తెప్పించాడు, తాగాను. బండి మారితే నాయినకు తెలిసిపోతుంది. తెలిసిన రోజు గోడవైపు తిరిగి పడుకుంటాడు. పాత రకమే వేయిస్తే వస్తాడు, కానీ మళ్లీ అరుగుతాయి, మళ్లీ నేను చూసీ చూడనట్టు ఉంటాను. ఆ ఐదు నెలల్లో నా సంగతి నాకు బాగా తెలిసొచ్చింది.

"ఎన్నేండ్లు వస్తయి?" అని అడిగాను.

"మెత్తటివి మన రోడ్ల మీద రెండేండ్లు. గట్టిగ నడిపితే గంత గూడ లేదు. అన్ని కాలాలవి నాలుగేండ్లు ఎక్కడికి పోవు."

నాలుగేళ్లు. నాయిన విషయంలో నేను నాలుగు వారాలకు మించి ముందుకు చూసింది లేదు. డాక్టరు కూడా ఏనాడూ ఏళ్లలో మాట్లాడలేదు, వచ్చే వారం రక్తపరీక్ష అంటాడు, అంతే. అతను అంత తేలిగ్గా నాలుగేళ్లు అనడం విని నాకు ఎక్కడలేని ఉక్రోషం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. తమ్ముడి మీద అయి ఉంటుంది.

"నాలుగేండ్లవే వెయ్యి" అన్నాను.

మహబూబ్‌నగర్ నుంచి సాయంత్రానికల్లా తెప్పిస్తానన్నాడు. అప్పుడు మేనత్త గుర్తొచ్చి ఫోన్ చేశాను. ఆమె ఏడాది మాసికం అని మొదలుపెట్టగానే నా నోరు నా మాట వినలేదు.

"అత్తా, నీ తమ్ముడు రోడ్డు మీద చస్తే ఇంకో ఏడాది పొడిగిస్తవా నీ మాసికం?"

తప్పు మాటే అన్నాను. ఆమె మెల్లగా, "కొత్తవి ఇంట్లకు తేవద్దన్న పిల్లా. నడిచినవి తేవద్దనలే" అంది.

ఆ మాట కొట్టు యజమానికి చెప్పాను. సాయంత్రం నాలుగు టైర్లూ బిగించాక అతను తాళంచెవి నాకు ఇవ్వలేదు. తానే కారెక్కి నాగర్‌కర్నూల్ రోడ్డు పట్టాడు. గంట తర్వాత వచ్చాడు. టైర్ల నిండా ఎర్రమన్ను, ఒకదానికి పేడ. "బిజినేపల్లి దాక తొక్కిచ్చిన. ఇప్పుడివి కొత్తవి కావని మీ అత్తకు చెప్పు" అన్నాడు. ఇంటికి వచ్చాక మేనత్త టార్చి వేసి నాలుగూ చూసి, పేడ ఉన్నదాన్ని మళ్లీ చూసి లోపలికి వెళ్లింది.

దారిలోనే నాకు అర్థమైంది. స్టీరింగు తిప్పితే కారు ఒక క్షణం ఆగి తిరుగుతోంది. చప్పుడు తగ్గింది. గతుకుల్లో దడదడ లేదు. అది ఇప్పుడు ఎవరి కారైనా కావచ్చు. పని పాడు చేశానని గట్టిగా అనిపించింది. ఆదివారమంతా నాయిన మొహం చూడకుండా తప్పించుకు తిరిగాను.

సోమవారం పొద్దున ఐదున్నర. నాయిన ఎప్పటిలాగే వచ్చి కూర్చుని, బెల్టు పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. ఊరు దాటాం. మొదటి మలుపు తిరిగాం. నాయిన కళ్లు తెరిచాడు.

"టైర్లు మార్చినవా?"

"మార్చిన."

"మంచిగున్నయి. గొడవ తగ్గింది."

ఆయన మళ్లీ కళ్లు మూసుకోలేదు. ముందుకు చూస్తున్నాడు. వాపసు తిప్పమంటాడేమోనని నేనే ముందు అందుకున్నాను.

"నాయినా, కారు గదే. టైర్లే మారినయి. ఇంజను తమ్మునిదే. మళ్ల గా పాత టైర్లే కావాలంటే రేపే ఏపిస్త. దవాఖానకు వచ్చుడు మాత్రం బంద్ చేయకు."

"నేనెందుకు బంద్ చేస్త?"

"నువ్వు తమ్ముని కారని వస్తున్నవు గద. కండ్లు మూసుకోని, వాడు నడుపుతున్నడని..."

నాయిన నా వైపు తిరిగాడు.

"నీకేమన్న పిచ్చి లేసిందా బిడ్డా? వాడు పోయిండు. కొరివి పెట్టింది నేనే. కండ్లు మూసుకుంటే వస్తడా?"

"మరెందుకు మూసుకుంటవు?"

"నువ్వు నడిపేది సూస్తే నా గుండె జల్లుమంటది. గందుకు."

నాకు నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాను, నవ్వుతూనే అడిగాను. "మరి ఆటోల ఎందుకు రానంటివి?"

ఆయన తువాలతో మొహం తుడుచుకున్నాడు.

"వాడు పోయిన దినం అందరం ఏడ్చినం. నువ్వు చాయ్ పోసిచ్చినవు. మూడొద్దులైనా గంతే, పదొద్దులైనా గంతే. పోయినోడు ఎట్లనో పోయిండు, నువ్వు బతికుండంగనే పోయినట్టున్నవు. నాకు భయమైంది. నువ్వు గీ కారుల కూసుంటెనే లారోన్ని తిడ్తవు, బర్రెలను తిడ్తవు, హారన్ కొడ్తవు. జర మనిషి లెక్క ఉంటవు. నన్ను ఆటోల పంపిన దినం నేను పోయినప్పుడు గోడకు ఒరిగి కూసున్నవు, మళ్లొచ్చెవరకు గట్లనే ఉన్నవు. పొయ్యి గూడ ముట్టియ్యలే." చేతి మీది సూది గుర్తులు చూపించాడు. "గా సూదులు పొడిపిచ్చుకునుడు నాకేమన్న ఇష్టమా? ఎప్పుడో ఇడిసిపెట్టేటోన్ని. వారానికి మూడు దినాలన్న నువ్వు బండి తీస్తవని వస్తున్న."

నేను కారును పక్కకు తీసి ఆపాను. ఇంజను ఆపానో లేదో గుర్తులేదు. ఏడుపు వచ్చింది. కడుపులోంచి, వాంతి వచ్చినట్టు వచ్చింది. తమ్ముడా, తమ్ముడా అని అరిచాను. వాడిని అలా పిలిచి ఐదు నెలలైంది. స్టీరింగు మీద తల పెట్టుకుని, ముక్కు కారుతుంటే తుడుచుకోకుండా, సిగ్గు లేకుండా ఏడ్చాను.

పాలక్యాన్లతో మోటారు సైకిల్ మీద పోతున్న ఒకతను ఆగి అద్దంలోంచి తొంగి చూశాడు. "ఏమైంది టీచరమ్మా? కారేమన్న ఖరాబైందా?"

"కారు మంచిగనే ఉంది" అన్నాడు నాయిన. "నువ్వు పో."

అతను వెళ్లిపోయాడు. నేను కళ్లు తుడుచుకుని టైము చూశాను. ఆరు కావస్తోంది. లేటయితే నర్సు తిడుతుంది, మిషను ఇంకొకరికి ఇచ్చేస్తారు. తాళంచెవి మీద చేయి వేశాను. నాయిన ఆ చేయి పట్టుకుని ఆపాడు. సూదులు పొడిచి పొడిచి గట్టిపడిన చేయి ఆయనది.

"ఏడ్వు బిడ్డా" అన్నాడు. "దవాఖాన యాడికి పోదు."